ఎవరి పాపము?

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్న (యోహాను 9వ అధ్యాయము) మన గ్రామములలో నేటికిని వినబడుచున్నది: ఈ రోగము వీడు చేసికొన్నదా, కన్నవారు చేసినదా? ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను.

మన్ననూరు దాటితే నల్లమల. అడవి పల్లెలకు చలిజ్వరము క్రొత్త కాదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే చూచెను. 1954లో ఆంథొనీ అల్లిసన్ ఆఫ్రికాలో మరియొక వింత చూపెను. ఎర్ర రక్తకణములను కొడవలివలె వంచు సికిల్ సెల్ లక్షణము తల్లిదండ్రులలో ఒక్కరినుండియే వచ్చినయెడల, ఆ బిడ్డకు ప్రాణాంతక మలేరియానుండి చాలవరకు కాపుదల. ఇద్దరినుండియు వచ్చెనా, రక్తహీనత, ఎముకలు పిండు నొప్పులు. అన్నను కాచినదే తమ్ముని బాధించును! ఇందులో ఎవరి పాపమును వెదకుదుము?

మన దేశమున ఈ లక్షణము 1952లో నీలగిరి గిరిజనులలో కనబడెను. 2023లో ప్రభుత్వము గిరిజన ప్రాంతములలో పరీక్షల కార్యక్రమము ఆరంభించెను. జంకనేల, వ్రేలి కొన చుక్కయే గదా. పెండ్లికి ముందు ఇరువురును పరీక్షించుకొనుట మంచిది. అయితే ఆ లక్షణమున్నదని తేలిన పిల్లను చెడ్డ రక్తమని త్రిప్పిపంపుట యేమి న్యాయము? ఆ లక్షణముగాని తలసీమియా లక్షణముగాని లేని వరునితో ఆమెకు కలుగు బిడ్డలకు ఈ వ్యాధి రాదు. పెండ్లి మాటలకు మమ్మును పిలుచు పెద్దలను మేమొకటి అడుగుదుము: పిల్లవానికి పరీక్ష చేయించితిరా?