ఆసుపత్రి బాకీ

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాలు తెచ్చిన రైతుకు ఆ రోజు జెండా పాట, అంటే వేలంలో పలికిన మేలు ధర, ఎంతో తెలుస్తుంది. తన సరుకుకు అంతకన్నా తక్కువ కడితే ఎందుకని నిలదీయడానికి ఒక ఆధారం ఉంటుంది. అదే రైతు ఊపిరాడని తండ్రిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకొస్తే, అక్కడ ఎన్ని వెంటిలేటర్లు పనిచేస్తున్నాయో, ఏ మందులు నిండుకున్నాయో, పోయిన నెల ఆ వార్డులో ఎందరు చనిపోయారో అడగడానికి గుమ్మం ఏదో కూడా తెలియదు. బస్తా ధర కన్నా ప్రాణం సంగతి దూరమెందుకైంది? ఆసుపత్రి రిజిస్టర్లలో ఉన్న ఆ సమాచారం అసలు ఎవరి సొత్తు?

మన సంప్రదాయం దానాన్నీ ఋణాన్నీ వేరువేరుగా చూసింది. దానంలో ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది దాత ఇష్టం. పుచ్చుకునేవాడు తన పాత్రత చూపించుకోవాలి. బాకీ అలా కాదు, నీకెందుకని అడిగే అధికారం బాకీపడ్డవాడికి లేదు. ఎంజీఎం జనం సొమ్ముతో నడుస్తుంది. కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థులు వైద్యం నేర్చుకునేది అక్కడి పేద రోగుల పడకల దగ్గరే. డబ్బూ జనానిదే, ఆ విద్యకు ఆధారమైన దేహాలూ జనానివే అయినప్పుడు అక్కడి లెక్క జనానికి చెప్పడం బాకీ తీర్చడమే. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ ధర్మాన్నే పట్టుకుంది: దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. మామూలు గడువు 30 రోజులు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలే.

దీనికి బలమైన అభ్యంతరం వైద్యధర్మం నుంచే వస్తుంది. రోగి ఇంటి సంగతులు బయటపెట్టకూడదని చరక సంహిత విమానస్థానం శిష్యుడికి ఆదేశిస్తుంది. ఆ మాట శిరోధార్యం. ఎవరికి ఏ జబ్బుందో పొరుగువాడికి తెలియాల్సిన పనిలేదు. కానీ ఆ ఆజ్ఞ కాపాడేది రోగి ఇంటిని; వైద్యుడి ఇంటికో, ఆసుపత్రి గుత్తేదారుకో అది గొడుగు పట్టదు. 2022 మార్చిలో ఎంజీఎం ఐసీయూలో ఒక రోగిని ఎలుకలు కొరికాయి. సంగతి వార్తల్లోకెక్కాక సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు. పారిశుద్ధ్యం కాంట్రాక్టు ఎవరిది, షరతులేమిటి, తనిఖీ రిజిస్టర్‌లో ఎవరు సంతకం చేశారు? ఇందులో రోగి రహస్యం ఒక్కటీ లేదు. అందుకే, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించడం నాకు ఆందోళన కలిగిస్తోంది. ప్రజాప్రయోజనం కోసం వెల్లడించే వీలు సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(2)లో మిగిలే ఉంది. అధికారులు దాన్ని మరిచిపోకుండా అడుగుతూనే ఉండాలి.

లెక్కలు బయటపెడితే జనం బెదిరిపోతారన్నది రెండో అభ్యంతరం. దీనికీ చరకంలో ఊతం వెతకొచ్చు: చెబితే హాని కలిగేచోట, రోగికి చావు దగ్గరపడిందని తెలిసినా చెప్పవద్దని అందులో ఉంది. అయితే అది ఎదురుగా ఉన్న ఒక్క మనిషి గుండెనిబ్బరం ఎరిగిన వైద్యుడి విచక్షణ. ముఖం తెలియని లక్షలమంది విషయంలో ఆ విచక్షణ ఏ కార్యాలయానికీ సాధ్యం కాదు. 2020లో కోవిడ్ బులెటిన్లలో వివరాలు చాలడం లేదని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పదేపదే తప్పుపట్టింది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో తెలియని కుటుంబం అంబులెన్స్‌లో గడప గడపా తిరుగుతుంది. భయం పుట్టేది అక్కడే.

ఒక్క అంకె ప్రకటించి చేతులు దులుపుకోవడమూ చాలదు. జెండా పాట రేటు ఒకటి రెండు మేలైన లాట్లకే దక్కి, మిగతా బస్తాలకు తక్కువ పడుతుందన్న రైతుల ఫిర్యాదు పాతదే. ఆసుపత్రి సగటు లెక్కలూ అంతే, వార్డులవారీగా విప్పితేనే నిజం కనిపిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రులు సమాచార హక్కు చట్టం కిందికి నేరుగా రావు. అయినా 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద ప్రభుత్వ సొమ్ము వాటికి చేరుతోంది కదా. ఏ చికిత్సకు ఎంత చెల్లించారు, ఎన్ని క్లెయిములు ఎందుకు తిరస్కరించారు అన్న లెక్కలు ఆ సొమ్ము చెల్లించిన ఆరోగ్యశ్రీ ట్రస్టు దగ్గరుంటాయి. రోగుల పేర్లు తీసేసి, ఆసుపత్రులవారీగా ఆ లెక్కలను ఎవరూ అడక్కముందే ట్రస్టు ప్రకటించాలి. అలా తమంతట తామే వెల్లడించే బాధ్యతను చట్టంలోని సెక్షన్ 4 ప్రభుత్వ సంస్థల మీద ఎప్పుడో పెట్టింది.