ఎన్నుకొనే హక్కు

"ప్రాదేశిక సైన్యంలో చేరనా, పూర్తికాలం సిపాయిగా పోనా మాస్టారూ?" అని ఒక విద్యార్థి అడిగాడు. పైకి ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న. కాని 1949లో ప్రారంభమైన ప్రాదేశిక సైన్యం వేరే జీవనోపాధి ఉన్నవారి కోసం ఏర్పడినది: ఏడాదిలో కొన్నాళ్లు శిక్షణ, తక్కిన రోజులు సొంత వృత్తి. సెంటు భూమి లేని కూలి కొడుక్కి ఆ వృత్తి ఎక్కడిది? అతనికి మిగిలింది అగ్నిపథం. 2022లో ప్రకటించిన లెక్క ప్రకారం అది నాలుగేళ్ల కొలువు. ఆపైన నిలిచేవారు నూటికి ఇరవై అయిదుగురికి మించరు.

ఎన్నుకొనే వీలున్నవాడు సుఖాన్ని వదులుకుంటే అది త్యాగం. ఆకలి తరిమితే చేరినవాడి ధైర్యం అంతకు తక్కువదేమీ కాదు. ఆ ధైర్యాన్ని పొగిడి, ఆకలిని మరచిపోయే మనదే తప్పు.

"నీకు వేరే పని దొరికే దారి ఉందా?" అన్నాను. తల వంచుకున్నాడు.

మరి ఎన్నుకోమని చెప్పడానికి నేనెవణ్ణి?