ఆటకు వ్రాతసాక్ష్యము

గడచిన మాఘమాసమున మేము అనంతపురము జిల్లాలోని విడపనకల్లునకు పోయి ఒక పరిచితుని యింటి యరుగుమీద కూర్చుండియుండగా, నలుగురు బాలురు సెల్‌ఫోనులలో తుపాకుల యాట నాడుచుండిరి. వారిలో నొకడు కన్నీరు పెట్టుకొనియుండెను. విచారింపగా, తల్లి మిరపకాయలు కోసిన కూలిడబ్బులో మూడువందల రూపాయలు తీసి యాటలో నొక తుపాకి కొనెననియు, నెల తిరుగకుండ అప్‌డేటు వచ్చి దాని బలము సగమై పోయెననియు తెలిసినది. ఆ యింటి తాత సంగతి విని, “దానికింత బలముంటాదని యాడ రాసిండాదిరా?” అని యడిగెను. “యాడా ల్యాదు తాతా, ఆడతా పోతే తెలుస్తాది” అని బాలుడు చెప్పెను.

తాత ప్రశ్న చిన్నదే గాని, త్రోసివేయదగినది కాదని మా తలంపు.

ఒకప్పుడు వీడియో గేములతోపాటు అచ్చుపుస్తకము వచ్చెడిది. 1987లో నింటెండో కంపెనీవారు అమెరికాలో విక్రయించిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ పెట్టెలో, ఆయుధముల గుణములను శత్రువుల స్వభావములను తెలుపు పుస్తకమును, ఒక పటమును ఉంచిరి. 1990లో వారే వెలువరించిన ‘స్టార్‌ట్రోపిక్స్’తో నొక యుత్తరము వచ్చెడిది. ఆటలో నొకచోట దానిని నీట తడుపుమని చెప్పుదురు. తడిపినచో 747 అను సంఖ్య కనబడును. అది లేనిదే ఆట ముందునకు సాగదు. ఉత్తరము లేని ఆటను అద్దెకు తెచ్చుకొన్నవారి గతి యేమగునో చదువరులే యూహింపవచ్చును. 2010లో యుబిసాఫ్ట్ కంపెనీవారు ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యాటలకు కాగితపు పుస్తకములను మానుదుమనియు, ఇది ప్రకృతిరక్షణ కొరకనియు ప్రకటించిరి. తక్కినవారును క్రమముగా నదే దారి పట్టిరి. ఇంటర్నెట్టునుండి దింపుకొను ఆటకు పెట్టెయే లేదు. పెట్టె లేనిచోట పుస్తకమెక్కడిది?

పుస్తకము పోయెనని దూరదేశములవారు వగచుట చూచి మన యూళ్లవారు నవ్వవచ్చును. 1990 తరువాత మన బజారులలో అమ్మిన చవుక యంత్రములలో, క్యాసెట్టులలో చాలవానికి పుస్తకమే లేకుండెను, ఉన్నను ఇంగ్లీషుది. మన పిల్లలు అన్నలవద్దను మేనమామ కొడుకులవద్దను నేర్చుకొనిరి. పులిజూదమును అట్లే వచ్చినది గదా! హంపి శిథిలములలో రాతినేలలపై ఆటగీతలు చెక్కియుండుట నేటికిని చూడవచ్చును. గీతలున్నవి, నియమములు లేవు. మూడు పులులు, పదునైదు మేకలు అని యూరందరకు తెలియును. ఎవడైన నడుమ నాలుగవ పులిని దించెనా, అరుగుమీది పదిమందియు ‘తొండి’ యని కేకలు వేయుదురు. ఆ పదిమందియే అచ్చట పుస్తకము.

కావున పుస్తకము చేసిన పనులు రెండు: ఒకటి బోధ, మరొకటి సాక్ష్యము. బోధ నేడు ఆటలోనికే పోయినది. మొదటి మెట్టులోనే దుముకుట, దాగుట, గురిపెట్టుట చేయించి నేర్పుదురు. చదువురాని బాలుడును నేర్చుకొనును. ఈ పద్ధతి మేలైనదని మేమొప్పుకొనుచున్నాము. పాతపుస్తకమును తలచుకొని కన్నీరు కార్చువారితో ఇచ్చట మేమేకీభవింపము. సాక్ష్యము మాత్రము ఎచ్చటికిని పోలేదు, ఊరకే మాయమైనది. కొన్నవాని చేతిలోని అచ్చుకాగితమును చేసినవాడు రాత్రికి రాత్రి వచ్చి దిద్దలేడు. నేడు నియమము కంపెనీవారి దూరపు కంప్యూటరులో నున్నది. దానిని మార్చువేళ చూచి కేకవేయుటకు అరుగుమీద పదిమంది లేరు.

ఒక తుపాకి బలము మితిమీరిన తక్కినవారికన్యాయము గదా, సరిదిద్దవలదా యని కొందరు ఆక్షేపింతురు. సరిదిద్దవలసినదే. పులిజూదమును ఊరూరను కొంత మార్చుకొనిరి. కాని ఆట మొదలుకాకముందు ఇరుపక్షములును ఒప్పుకొని మార్చిరి. వెల పుచ్చుకొన్న పిమ్మట నొక పక్షమే మార్చుటకు మన పిల్లల భాషలో పేరున్నది. దానిని పైన చెప్పితిమి. మార్పుల పట్టికను ప్రకటించు కంపెనీలును కలవు. కాని ఆ యింగ్లీషు పట్టిక ఈ బాలుని కంటబడునా?

వ్రాత యంతయు పోయెననుటయు సరికాదు. ఆట తెరువగానే దీర్ఘమైన యొడంబడిక కనబడును. ‘అంగీకరించితిని’ అని నొక్కనిదే లోనికి పోనీయరు. దేనినైనను ఎప్పుడైనను మార్చుటకు తమకధికారము కలదని అందులో వ్రాసికొందురు. ఆడువానిని కాచు వ్రాత పోయి, అమ్మువానిని కాచు వ్రాత పెరిగినది. 2014లో యుబిసాఫ్ట్ వారు వెలువరించిన ‘ది క్రూ’ అను కార్ల పందెపుటాట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేయగా, వెలయిచ్చి కొన్నవారు ఒంటరిగానైనను ఆడలేకపోయిరి. ఇట్టి సరకును ‘కొనుము’ అని అమ్మునప్పుడు, అది లైసెన్సు మాత్రమేనని స్పష్టముగా తెలుపవలెనను చట్టము కాలిఫోర్నియాలో 2025 జనవరినుండి అమలునకు వచ్చినది.

విడపనకల్లు రైతులకు సాక్ష్యము విలువ మేము చెప్పనక్కరలేదు. 1966 నాటి విత్తనముల చట్టము ప్రకారము, ప్రకటింపబడిన రకముల విత్తనపు సంచిపై మొలకశాతము మొదలగునవి తెలుపు చీటీ యుండవలెను. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు జిల్లాలో మొలక తప్పినచో మరల విత్తుటకు అదను దొరకుట కష్టము. అందుచే తెలిసిన రైతు చీటీని రశీదును పంట యింటికి వచ్చువరకు దాచును. ఆ చీటీ చదివి సేద్యము నేర్చుకొనువాడు లేడు. దాని పని యది కాదు.

మేము కోరునది లావైన పుస్తకము కాదు. డబ్బు తీసికొనునప్పుడు తెలుగులో నొక్క పుట, తేదీతో: కొన్నదేది, దాని గుణమేమి, ఎంతకాలము మారకుండును, మార్చినచో సొమ్ము తిరిగి యిత్తురా లేదా. ఫోనులోనే యిచ్చినను సరే. కొన్నవానియొద్ద నిలిచి, ఇచ్చినవాడు దిద్దలేనిదై యుండిన చాలును.

తాత గోడగూటిలోనుండి దారముతో కట్టిన విత్తనపు చీటీల కట్ట తెచ్చి బాలునికి చూపెను. వాడు కొంతసేపు దానిని త్రిప్పి చూచి, పాత నోటుపుస్తకమొకటి తీసి, పైన తేదీ వేసి, ఏ తుపాకితో నెన్ని గుండ్లు తగిలిన మనిషి పడునో మిత్రులచేత ఆడించి వ్రాయసాగెను. మేము బయలుదేరు వేళకు రెండు పుటలు నిండినవి. మూడవ తుపాకి లెక్కవద్ద వారిలో వారికి తగవు పుట్టియుండెను.