పేరు కోసం నవ్వించినవాడు

సినిమా ఊసు మన పత్రికలో ఎందుకని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఎవరినీ సినిమాకు పంపడానికి నేనిది వ్రాయడం లేదు. పేరు మీద మనకుండే ఆశను గూర్చి మన సంఘాలలో ఎవరూ పైకి మాట్లాడరు. నేను విన్న చాలా ప్రసంగాల కంటె సూటిగా ఆ సంగతిని ఒక సినిమా చూపించింది గనుక వ్రాస్తున్నాను.

దాని పేరు ‘ది కింగ్ ఆఫ్ కామెడీ’. 1983లో అమెరికాలో విడుదలైంది. కథ వ్రాసినవాడు పాల్ జిమ్మర్‌మన్, తీసినవాడు మార్టిన్ స్కార్సేసి. ఈ స్కార్సేసి చిన్నతనంలో కేథలిక్ గురువు కావాలని కొంతకాలం సెమినరీలో చదివినవాడు. చిత్రానికి పెట్టిన డబ్బు కూడ రాలేదు. హాస్యమని టిక్కెట్టు కొన్నవారికి నవ్వు గొంతులో అడ్డుపడి ఉంటుంది.

న్యూయార్కులో రూపర్ట్ పప్కిన్ అనే ఒక సామాన్యుడు. టీవీలో హాస్యం చెప్పి పేరు తెచ్చుకోవాలని అతని ఆశ. ఇంట్లోనే ఒక ఉత్తుత్తి టీవీ వేదిక కట్టుకున్నాడు. పేరుమోసిన నటుల నిలువెత్తు అట్టబొమ్మలు అక్కడ నిలబెట్టి, వాటి మధ్య కూర్చుండి కబుర్లు చెబుతాడు, వాటితో కలిసి నవ్వుతాడు. అంతలో లోపలినుంచి తల్లి కేక వేస్తుంది, ఆ గోల ఏమిటని. తల్లి మనకు కనబడదు, గొంతు మాత్రం వినబడుతుంది. ఆ గొంతు ఇచ్చింది స్కార్సేసి సొంత తల్లేనట.

చూస్తున్నంతసేపు నన్ను ఎక్కువ బాధపెట్టినది చాలా చిన్న సంగతి. ఈ మనిషి పేరు ఎవరికీ నోరు తిరగదు. ఆఫీసులో బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మొదలుకొని ప్రతివారూ ఒక్కొక్క తీరుగా పలుకుతారు. అతడు ప్రతిసారి మర్యాదగా సరిదిద్దుతాడు. ప్రేక్షకులు నవ్వుతారు. తమిళనాడులో ఇంటిపేరు పోయి ఒక్క అక్షరం మిగిలినవారు, రేషను కార్డులో తండ్రి పేరు మరెవరిదో అయి కూర్చున్నవారు మనలో చాలామంది ఉన్నారు గదా, వారు మాత్రం అక్కడ నవ్వలేరనుకుంటాను.

ఇంకొక చోట రూపర్ట్ ఒక పగటికల కంటాడు. టీవీలో దేశమంతా చూస్తుండగా అతని పెండ్లి జరుగుతున్నది. పెండ్లి చేయించడానికి వచ్చినవాడు ఎవరనుకున్నారు? పాత హైస్కూలు ప్రిన్సిపాలు! ఆయన అందరి పక్షాన క్షమాపణ అడుగుతాడు, నిన్ను మేము తక్కువ అంచనా వేశాము, తప్పు మాదే అని. ఇక్కడ గుట్టు బయటపడింది. అతనికి కావలసినది కోట్లమంది చప్పట్లు కాదు. పదిహేనేళ్ల వయస్సులో తనను వెక్కిరించిన నలుగురు తలవంచి తన పేరు సరిగా పలకాలి. అది దొరకదు గనుక కోట్లమందిని కోరుకుంటున్నాడు.

ఆ తరువాత చేసినది నేరమే. మాషా అనే మరొక పిచ్చి అభిమానితో కలిసి, జెర్రీ లాంగ్‌ఫర్డ్ అనే గొప్ప హాస్యనటుణ్ణి బొమ్మ తుపాకితో బెదిరించి ఎత్తుకుపోయి కుర్చీకి కట్టివేస్తారు. విడిచిపెట్టడానికి అడిగినది డబ్బు కాదు, ఆ రాత్రి టీవీలో హాస్యం చెప్పే అవకాశం. ఈ జెర్రీ వేషం వేసినది నిజజీవితంలో లోకాన్ని నవ్వించిన జెర్రీ లూయిస్. సినిమాలో మాత్రం అతడు నవ్వడు. గొప్ప ఇంట్లో ఒక్కడే కూర్చుండి, టీవీ చూస్తూ భోజనం చేస్తాడు. వీధిలో ఒక ముసలామె అతణ్ణి ఎంతో పొగుడుతుంది. ఫోనులో తన బంధువుతో ఒక్క మాట మాట్లాడమంటుంది. కుదరదు అనగానే, నీకు క్యాన్సరు రావాలని శపిస్తుంది. ఊరందరికీ పేరు తెలిసినవానికీ, ఎవరికీ పేరు నోరు తిరగనివానికీ ఏకాంతం ఒక్కటే. ఒకడు బల్ల ఇవతల, ఒకడు అవతల.

చివరకు రూపర్ట్ టీవీలో చెప్పిన హాస్యమేమిటి? తన బాల్యం. తాగుడు, తండ్రి కొట్టిన దెబ్బలు, బడిలో పిల్లలు పెట్టిన బాధ. జనం పడిపడి నవ్వుతారు. జెర్రీని కట్టివేసి ఇక్కడికి వచ్చాను అని నిజం చెబుతాడు, దానికీ నవ్వుతారు. తల్లి చనిపోయి తొమ్మిదేండ్లయినదని కూడ అంటాడు. మనం ఆమె గొంతు విన్నాము గదా! అతని మాటల్లో ఏది నిజమో సినిమా చెప్పదు. ఏది నిజమని అడిగినవాడు ఆ హాలులో ఒక్కడూ లేడు, నవ్వు వస్తే చాలు. మన సాక్ష్యపు కూటాలలో నేను దీన్ని తలచుకుంటాను. ఒకడు తన పాత జీవితపు నరకాన్ని చెబుతాడు, మనం ‘హల్లెలూయ’ అని గట్టిగా అంటాము, తరువాత టీ తాగుతాము. అతడు ఇప్పుడు ఎలా నిద్రపోతున్నాడని ఎవరైనా అడిగామా?

పేరు కోరుకోవడం పాపమా? బాబెలువారు తమకు పేరు సంపాదించుకోవాలని గోపురం కట్టిన కథ ఆదికాండము 11లో ఉన్నది. పన్నెండవ అధ్యాయములోనే, నీ పేరు గొప్ప చేస్తానని దేవుడే అబ్రాముకు మాట ఇస్తున్నాడు. పేరు మీది ఆశే పాపమైతే ఆ వాగ్దానం ఎందుకు? 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు సయితం కంఠస్థం. ఆ సంఖ్య వెనుక ఉన్నవారిలో ఎక్కువమంది ఊరిలో ‘ఒరే’ అనే పిలుపుకే అలవాటుపడిన మనుషులు. దేవుని ఎదుట మాకూ ఒక పేరున్నది అని వారు నిటారుగా నిలువడాన్ని ఎవరు దురాశ అనగలరు?

అయితే ఆ మనుమల మనుమలమైన మనం, పరిచర్యలో ఇచ్చిన ఫ్యానుకు కూడ పేరు వ్రాయించుకుంటున్నాము. వందన సమర్పణలో పేరు తప్పిపోయినదని నెలల తరబడి ఆరాధనకు రాని కుటుంబాలున్నాయి. వారిని గర్విష్ఠులని తేలికగా అంటాము. నాకు మాత్రం అది పాత గాయమేమో అనిపిస్తుంది. జక్కయ్య చెట్టెక్కినప్పుడు ఎవరూ అతనిని ప్రభువుకు పరిచయం చేయలేదు. ప్రభువే తలెత్తి, పేరు పెట్టి పిలిచి, నీ ఇంట్లో దిగుతానన్నాడు. చప్పట్లు లేవు, పైగా జనం సణిగారు. ఆ పిలుపు తరువాత జక్కయ్య తన సొమ్ము పంచిపెట్టాడు. అటువంటి పిలుపు ఎప్పుడూ వినని మనిషి ఏం చేస్తాడో రూపర్ట్ కథ చూపిస్తున్నది.

జైలు నుండి వచ్చాక రూపర్ట్ వ్రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోతుంది. చివరి దృశ్యంలో పెద్ద వేదిక, దీపాలు. అది నిజమో అతని పగటికలో తెలియదు. ప్రకటించేవాడు అతని పేరును పలుకుతాడు, ఈసారి సరిగా. మళ్లీ పలుకుతాడు, మళ్లీ మళ్లీ. చప్పట్లు ఆగవు. రూపర్ట్ చేతులు ఊపి, వంగి నమస్కరించి, చిరునవ్వుతో నిలబడి ఉంటాడు. సినిమా అక్కడితో అయిపోతుంది, అతడు ఒక్క మాట కూడ మాట్లాడడు.