రోగికి చెప్పవలసిన మాట: దయా? బాకీయా?



కొన్నేళ్ల క్రిందట అరకు లోయ పైనున్న ఒక కొండ గ్రామం నుండి ఒక రోగిని కింది పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. గ్రామం నుండి తారురోడ్డు వరకు నలుగురు అతణ్ణి డోలీలో మోశారు. అక్కడి నుండి జీపులో ఘాట్ రోడ్డు దిగాం. ఆసుపత్రిలో చీటీకి ఒక వరుస, డాక్టరుగారికి ఒక వరుస, రక్తపరీక్షకు ఇంకొక వరుస. ఒక కిటికీ దగ్గర "ఇక్కడ కాదు, అక్కడ" అన్నారు. అక్కడికి వెళితే "రేపు రండి" అన్నారు. వంద కిలోమీటర్లు దాటి వచ్చినవాడికి రేపు అంటే ఆ రాత్రి వరండాలో పడుకోవడమే కదా!

మరునాడు నా తెల్ల అంగీ చూసి కాబోలు, డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. జబ్బు ముదిరిపోయిందనీ, ఇంటి దగ్గరే నొప్పి తగ్గే మందులిస్తూ చూసుకోవడం తప్ప చేయగలిగింది లేదనీ నాకు రెండు ముక్కల్లో చెప్పారు. రోగితో గాని, అతని భార్యతో గాని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లది కువి భాష. తెలుగు అంతంతమాత్రం. తిరుగు ప్రయాణంలో ఆమె, మాతో వచ్చిన కుర్రవాడి చేత, "డాక్టరు ఏమన్నాడు ఫాదర్?" అని అడిగించింది. "ప్రార్థన చేయండి, ప్రభువు చూసుకుంటాడు" అన్నాను.

నెల తిరక్కుండానే ఆమె ఉన్న మేకలు అమ్మి, భర్తను మళ్లీ అదే ఆసుపత్రికి మోయించుకు వెళ్లింది. అతడు అక్కడి వరండాలోనే కన్నుమూశాడు. అతని పరిస్థితి ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ చెప్పలేదు.

అప్పటినుండి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. రోగికి అతని సంగతి అర్థమయ్యేలా చెప్పడం దయాకార్యమా, న్యాయమా? ఈ రెండూ ఒకటి కావు. దయ చూపనివాణ్ణి కఠినుడంటాం. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి అన్యాయస్థుడంటాం. ఎవరికి చెందినది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. మరి శరీరం రోగిదైతే, ఆ శరీరం గురించిన వార్త ఎవరిది? అదీ అతనిదే. డాక్టరు గాని, గురువు గాని దానిని కొంతసేపు దాచి ఉంచినవారే తప్ప సొంతదారులు కారు. చికిత్స ఎలాంటిదో, దానిలో ప్రమాదం ఏమిటో, వేరే మార్గం ఉందో లేదో తెలిపిన తరువాతనే రోగి సమ్మతి తీసుకోవాలని మన సుప్రీంకోర్టు కూడా 2008లో తీర్పు చెప్పింది.

"వరండా నిండా జనం ఉంటే డాక్టరుకు తీరికెక్కడిది?" అని మీరు అడగవచ్చు. నిజమే. రాత్రీ పగలూ నిలబడి పనిచేసే డాక్టర్లనూ నర్సులనూ నేను చూశాను. ఖాళీలు నింపనివారి తప్పు కూడా వారి నెత్తినే పడుతోంది. అయితే మాట అనేది వైద్యానికి పైపూత కాదు, వైద్యంలో భాగమే. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది. నయమైందనుకొని రోగి మానేస్తాడు. జబ్బు తిరగబడుతుంది, ఆ మందులకే లొంగకుండా పోవచ్చు. మొదటిరోజే అతని భాషలో ఐదు నిమిషాలు చెప్పి ఉంటే?

2023 ఫిబ్రవరిలో జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా గిరిజనుడొకరు భార్యను విశాఖ జిల్లాలోని ఆసుపత్రికి తెచ్చాడు. లాభం లేదు, ఇంటికి తీసుకువెళ్లమన్నారు. దారిలో విజయనగరం దగ్గర ఆటోలోనే ఆమె చనిపోయింది. ఆటో అతను ఇక రానన్నాడు. ఇల్లు ఇంకా వంద కిలోమీటర్ల పైమాటే. భార్య శవాన్ని భుజాన వేసుకొని అతడు నడక మొదలుపెట్టాడు. పోలీసులు వచ్చి అడిగితే అతని మాట వాళ్లకు అర్థం కాలేదు. ఒడియా తెలిసిన మనిషిని వెతికి, సంగతి తెలుసుకొని, అంబులెన్సు ఏర్పాటు చేసి పంపారు. ఆ పోలీసులు ముందు చేసిన మేలు, అతని మాట వినడం.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో గ్రుడ్డివాడైన బర్తిమయి ప్రభువు ముందుకు వస్తాడు. అతనికి కావలసింది చూపేనని ఎవరికి తెలియదు? అయినా నీకేమి కావాలని ప్రభువు అతణ్ణే అడిగారు. స్వస్థత కన్నా ముందు అతనికి మాట దక్కింది.

మన విచారణల్లో నర్సింగ్ చదివిన ఆడపిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అమ్మా, మీ వార్డులో భాష రాని రోగి ఉంటే అతనికి ఒక నోరు వెదికి పెట్టండి. కువి, ఆదివాసీ ఒడియా వచ్చిన యువకులారా, ఊరి రోగికి తోడు వెళ్లండి. మందులు మోయడానికే కాదు, మాట మోయడానికి. రోగి బంధువులారా, డాక్టరుగారిని వినయంగా అడగండి. అడగడం ఎదిరించడం కాదు. నాలాంటి గురువులు ప్రార్థన పేరుతో నిజాన్ని దాటవేయకూడదు. నిజం చెప్పి, పక్కన కూర్చుని, అప్పుడు ప్రార్థించాలి.

కర్మకాండ అయ్యాక నేను ఆమె ఇంటికి వెళ్లి, ఆనాడు డాక్టరు అన్నది చెప్పి, క్షమించమన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "తెలిసుంటే ఇంటి దగ్గరే ఉంచుకునేదాన్ని, ఫాదర్. అతను కొండ చూసుకుంటూ పోయేవాడు" అంది.

ఆ బాకీ నేనిక తీర్చలేను. మీ చేతుల్లో ఉన్నది తీర్చేయండి.