పదవీ యోగ్యతా పరీక్ష: పరీక్షకుని నైతికత

పదవిని చేపట్టబోయే వ్యక్తి యోగ్యతను ముందుగా పరీక్షించాలన్న భావన ప్రాచీనమైనది. అయితే ఈ విషయమై జరిగే చర్చ సాధారణంగా అభ్యర్థి శీలానికే పరిమితమవుతుంది. పరీక్షించేవాని బాధ్యత ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

కౌటిలీయ అర్థశాస్త్రం అమాత్యుల శుద్ధిని నిర్ణయించడానికి ధర్మ, అర్థ, కామ, భయ సంబంధమైన నాలుగు ఉపధలను విధించింది. ఉపధ అంటే కపటోపాయంతో చేసే పరీక్ష. రాజు పన్నించిన కృత్రిమ కుట్రకు అమాత్యుడు లొంగుతాడో లేదో రహస్యంగా గమనిస్తారు. ధర్మోపధలో నెగ్గినవారికి న్యాయవిచారణను, అర్థోపధలో నెగ్గినవారికి ఆదాయసేకరణ, కోశరక్షణలను, నాలుగింటిలోనూ నెగ్గినవారికి మంత్రిపదవిని అప్పగించాలి. ఏ పదవిని ఏ ప్రలోభం వెన్నంటి ఉంటుందో గుర్తించడం ఇందులోని సూక్ష్మత. కాని శీలాన్ని తెలుసుకొనే ఈ ప్రయత్నమే శీలాన్ని చెరచవచ్చు. నిర్దోషి మనస్సు ఒకసారి కలుషితమైతే మళ్లీ కుదుటపడకపోవచ్చునని కౌటిల్యుడే శంకించాడు. అందుకే రాజు తననుగాని రాణినిగాని ఈ పరీక్షలకు లక్ష్యంగా చేయరాదన్నాడు.

క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్సులో 'దోకిమాసియా' దీనికి భిన్నమైనది. చీటీల ద్వారా ఎంపికైన ఆర్కనును సైతం పదవికి ముందు బహిరంగంగా ప్రశ్నించేవారు. తల్లిదండ్రులెవరు, వారిని ఆదరించాడా, పన్నులు చెల్లించాడా, యుద్ధసేవ చేశాడా అన్నవి ఆ ప్రశ్నలు. ఆరోపించదలచిన పౌరుడు ఆరోపించవచ్చు. అభ్యర్థి సమాధానం చెప్పుకోవచ్చు. స్త్రీలకు, బానిసలకు చోటులేని ఆ పౌరసమాజం ఆదర్శం కాదు. అయినా ప్రశ్న ఏమిటో, అడిగేదెవరో అభ్యర్థికి తెలియడం అక్కడి నైతిక విశేషం.

భారత సుప్రీంకోర్టు 2002 మే 2న ఇచ్చిన తీర్పు ఈ రెండవ మార్గానికి చేరువైనది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు తెలుసుకొనే హక్కు ఓటరుకు ఉందని అది గుర్తించింది. అయితే ప్రమాణపత్రం సమాచారాన్ని మాత్రమే ఇస్తుంది, నిర్ణయం ఓటరుదే. రాజు స్థానంలో నేడు పరీక్షకునిగా నిలిచినవాడు పౌరుడు.

ఇక్కడే ఒక వైపరీత్యం ఎదురవుతుంది. అభ్యర్థి ఓటరుకు ధనం ఇవ్వజూపినప్పుడు అర్థోపధ తలకిందులవుతుంది. పరీక్షకు లోనయ్యేది అభ్యర్థి కాదు, పరీక్షకుడే. కౌటిల్యుడు రాజును పరీక్షకు వెలుపల ఉంచగలిగాడు. ప్రజాస్వామ్యంలో పౌరునికి అటువంటి మినహాయింపు లేదు. కనుక పదవీ యోగ్యతా పరీక్ష అభ్యర్థి గతాన్ని శోధించడంతో ముగియదు; తీర్పు చెప్పేవాని ఆత్మపరీక్ష కూడా అందులో అంతర్భాగమే.