గుమాస్తా బల్ల

లంచము ముట్టని గుమాస్తా అంతమాత్రముననే నీతిమంతుడగునా?

సికింద్రాబాదు పురపాలక సంఘము 1945లో ఏర్పడి, 1960లో హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసెను. కార్యాలయముల పేర్లు మారినను, దరఖాస్తు చేతబట్టి గుమాస్తా బల్లయెదుట నిలుచు పేదల అవసరము మారలేదు. 1969 నాటి చట్టము ప్రకారము ప్రతి జననమును, ప్రతి మరణమును నమోదు కావలెను. భర్త మరణపత్రము లేనిదే విధవరాలికి పింఛను దొరకదు. కూలి చేసికొను ఆమెకు “రేపు రమ్ము” అను మాట ఒక దినపు కూలి నష్టము.

లూకా సువార్త 18వ అధ్యాయములోని న్యాయాధిపతిని తలంచుడి. అతడు లంచమడిగెనని ప్రభువు చెప్పలేదు. విధవరాలు మాటిమాటికి వచ్చినను అతడు కొంతకాలము ఆమె మొర ఆలకింపలేదు. ప్రభువు అతనిని అన్యాయస్థుడనెను.

పని భారము నిజమే. విచారింపక సంతకము చేయరాదనుటయు నిజమే. అయితే చట్టము కోరు జాగ్రత్త వేరు, మన సోమరితనము వేరు. ఆలస్యమునకు కారణము ఈ రెంటిలో ఏదో మన మనస్సాక్షి యెరుగును.

మీరు గుమాస్తాలు కాకపోవచ్చును. అయినను మీ సంతకము కొరకో, మీ మాట కొరకో కనిపెట్టుకొనియున్నవారు ఉందురు. ఈ రాత్రి ప్రార్థింపకముందు వారిని జ్ఞాపకము చేసికొనుడి. రేపు మొదట వారి పని చేయుడి.